పక్క సీటు మాస్టారు

ఇంటి నుంచి
ఫిబ్రవరి 3

అమ్మలూ,

నిలబడి చదువుతుంటే కూర్చో. చేతిలో ఎవరి పళ్ళైనా ఉంటే పక్కన పెట్టు.

తెల్ల బండి ఇచ్చేశాను. డ్రైవింగ్ స్కూలు బోర్డు కూడా దింపేశాను.

ఈ రెండు ముక్కలూ ఫోనులో చెప్పొచ్చు కదా అంటావు. మీ అమ్మ పెట్టిన రూలు నీకు తెలియనిది కాదు. ఫోనులో అయితే మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, మూడో నిమిషానికి ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాగితం మీద అయితే ఒకరు ముగించాకే రెండోవాళ్ళు మొదలుపెట్టాలి. "మీ ఇద్దరి మధ్య కబుర్లు మొయ్యడం నా వల్ల కాదు, మీరూ మీరూ రాసుకోండి" అని ఆవిడ చేతులు దులుపుకుని పన్నెండేళ్ళు అయింది. ఆ పుణ్యాన నా చేతిరాత కాస్త బాగుపడింది.

తెల్ల బండి మీద నాకే కోపమూ లేదు. పద్నాలుగేళ్ళు చెప్పిన మాట విన్నది. నాలుగు తలుపులు, వెనక ముగ్గురు పట్టే సీటు, మీ అమ్మ కుట్టుమిషను నిలువునా పట్టే డిక్కీ. ఒంటి మీద పదకొండు సొట్టలు. ఏ సొట్ట ఏ శిష్యుడు పెట్టాడో నిద్రలో అడిగినా చెప్పగలను. చలికాలం పొద్దున కూడా ఒక్కసారి తాళం తిప్పితే చాలు, మారు మాట్లాడకుండా లేచేది. ఇంత బుద్ధిమంతురాలిని ఎందుకు వదిలేశావు అని ఎదురింటి రిటైర్డ్ పోస్టుమాస్టరు అడిగాడు. ఏం చెప్పను?

అది ఇచ్చి, పైన కొంత వేసి, రెండు సీట్ల బండి తెచ్చుకున్నాను. నిమ్మపండు రంగు. పైకప్పు మడిచి వెనక్కి తోసెయ్యొచ్చు. కూర్చుంటే పీట మీద కూర్చున్నట్టే ఉంటుంది. ఇరవై రెండేళ్ళప్పుడు పెట్రోలు బంకులో పనిచేస్తుంటే ఇలాంటిదే ఒకటి వచ్చి ఆగింది. దాని అద్దం తుడిచాను. తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను. ఆయన "చాలయ్యా, అరిగిపోతుంది" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఇప్పుడు నాకు అరవై మూడు. ఈ మధ్యకాలమంతా ఎవరికీ చెప్పుకోలేదు, సిగ్గేసి. డాక్టరు గారు కూడా, "మాస్టారూ, ఇంకా ఆలోచిస్తూ కూర్చుంటే లాభం లేదు, నెలాఖరులోపు తేల్చుకోండి" అన్నారు. తేల్చుకున్నాను.

ఒక్క విషయం చెబుతాను, నవ్వకు. బండి ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తలుపు తీసి కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను. అద్దం సర్దుకున్నాను. ఎదురు చూస్తున్నాను. మీ అమ్మ మెట్ల మీద నిలబడి, "ఎవరి కోసం?" అంది. అప్పుడు చూసుకున్నాను, ఎదురుగా స్టీరింగ్ లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ అలవాటు నన్ను తిన్నగా తీసుకెళ్ళి పక్క సీట్లో కూర్చోబెట్టింది.

మీ అమ్మ నవ్వి నవ్వి అక్కడే మెట్టు మీద కూలబడింది.

ఉంటాను మరి,
నాన్న


ల్యాబ్ నుంచి
ఫిబ్రవరి 9

నాన్నా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. బండి విషయం తర్వాత. ముందు నేను అడిగినవాటికి దాటవెయ్యకుండా జవాబు రాయి. రాత్రి నిద్ర పడుతోందా? మెట్లు ఎక్కితే ఆయాసం వస్తోందా? ఆకలి ఎలా ఉంది? ఎడమ చెయ్యి లాగుతోందా? ఉన్నట్టుండి స్కూలు మూసేసి, నలభై ఏళ్ళ కోరిక ఇప్పుడే తీర్చుకోవాలని ఎందుకు తోచిందో నాకు అర్థం కాకపోలేదు. నేనేం చిన్నపిల్లని కాను.

అమ్మకి ఫోను చేసి ఊరికే అడిగినట్టు అడిగాను, నాన్న ఎలా ఉన్నాడని. "మీ నాన్న సంగతా? ఇక మనం చెయ్యగలిగింది ఏమీ లేదమ్మా, ఆయన ఇష్టానికి వదిలెయ్యడమే" అంది. పైగా నవ్వుతూ! అమ్మ గుండె రాయి అని నాకు తెలుసు గానీ ఇంతనుకోలేదు.

ఇక్కడ పళ్ళు చేసే పని మామూలే. ఈ వారం ఒక రిటైర్డ్ లెక్కల టీచరు తన పెళ్ళినాటి ఫోటో పట్టుకొచ్చాడు. కట్టుడుపళ్ళలో ముందు రెండింటి మధ్య సందు అప్పట్లో ఎంత ఉండేదో అంతే ఉండాలట. "అది లేకపోతే మా ఆవిడ నన్ను గుర్తుపట్టదు" అన్నాడు. మైనంలో నాలుగుసార్లు చెక్కాను. సందు సరిగ్గా రావడం పన్ను సరిగ్గా రావడం కన్నా కష్టం.

ఓట్స్ పంపుతున్నాను, రెండు పెద్ద ప్యాకెట్లు. ఒక చిన్న పుస్తకం కూడా ఉంది. పొద్దున్నే ఎంతసేపు నడవాలో, ఏవి తినకూడదో అందులో ఉంటుంది. దయచేసి చదువు.

తెల్ల బండి పోయినందుకు నాకేం బాధ లేదు. దానికీ నాకూ ఉన్న సంబంధం నీకు తెలిసిందే.

జాగ్రత్త. ఏదైనా ఉంటే దాచకు.
అమ్మలు


ఇంటి నుంచి
ఫిబ్రవరి 15

అమ్మలూ,

ఓట్స్ అందాయి. పుస్తకమూ అందింది. మీ అమ్మ నా గురించి ఫోనులో ఏదో చెప్పిందని తెలిసిపోయింది. ఒప్పుకుంటాను, బండిలో కూర్చోవడం తేలికే, లేవడమే గండం. ముందు ఒక కాలు బయట పెట్టి, తలుపు పట్టుకుని, ఒక ఊపు ఊగి, రెండో ఊపులో లేవాలి. రెండోదానికీ లేవకపోతే చేతులు నేల మీద ఆనించి పసిపిల్లాడిలా పాకుతూ రావాలి. పోస్టుమాస్టరు రోజూ టీ కప్పుతో బాల్కనీలోకి వచ్చి నిలబడుతున్నాడు, నేను దిగేది చూడ్డానికి. నిన్న చప్పట్లు కొట్టాడు. అయినా కన్నతండ్రిని పట్టుకుని ఒళ్ళు తగ్గించుకో అని పార్శిల్లో పంపాలా? నిద్ర పడుతోంది, ఆయాసం లేదు, ఆకలి దివ్యంగా ఉంది. చెయ్యి ఎందుకు లాగుతుంది? స్టీరింగ్ వెన్నముద్దలా తిరుగుతుంటే!

తిరుగుతుందే గానీ, నీకు మాత్రమే చెబుతున్నాను, నడపడం నాకు రావడం లేదు.

అంటే వచ్చు. కానీ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా నేను నడిపిందెంత? పొద్దున శిష్యుడి ఇంటికి వెళ్ళేదాకా, సాయంత్రం ఇంటికి వచ్చేదాకా. మిగతాదంతా పక్కన కూర్చుని చెప్పడమేగా. ఇప్పుడు ఒంటరిగా కూర్చుంటే నోరు ఊరుకోదు. "అద్దం చూడు. సిగ్నల్ వెయ్యి. చూస్తూ తిప్పు. తొందరేం లేదు" అని పైకే చెప్పుకుంటున్నాను. కప్పు తీసి ఉంటుంది కదా, దారిన పోయేవాళ్ళంతా వింటారు. ముప్ఫై దాటనివ్వను. మొన్న ఒక సైకిలు ఆయన నన్ను దాటేసి, వెనక్కి తిరిగి చూసి, "బండికేమైనా అయిందా పెద్దాయనా, తొయ్యమంటారా?" అన్నాడు.

మీ అమ్మ మాత్రం దాన్ని గాల్లో పోనిస్తోంది. నా మొదటి శిష్యురాలు కదా, ఒప్పుకోక తప్పదు. కళ్ళకి నల్లద్దాలు, జుట్టుకి రుమాలు. అంచులు కుట్టడానికి తెచ్చుకున్న కర్టెన్లు ఇచ్చిరావడానికి రోజుకి రెండు ట్రిప్పులు వేస్తోంది. ఇదివరకు వారానికి ఒకటి వేసేది. నేను పక్కన కూర్చుని లేని బ్రేకు తొక్కుతుంటాను. "ఆ మ్యాటు చిరుగుతుంది, కాలు తియ్యండి" అంటుంది. తీస్తాను. మళ్ళీ అదే దానంతట అది వెళ్ళిపోతుంది.

డాక్టరు గారు తెల్ల బండిలో నిన్న కనిపించారు. వెనక సీట్లో తన కవల పిల్లలిద్దరినీ చెరోవైపు కట్టేసి, మధ్యలో వాళ్ళ అమ్మమ్మని కూర్చోబెట్టారు. ముచ్చటేసింది. శిష్యుల కోసం నా వైపు పెట్టించుకున్న రెండో బ్రేకు తీయించెయ్యమంటే "ఉండనివ్వండి, మా ఆవిడ నేర్చుకుంటోంది" అన్నారు. ఆ దంపతుల గతి ఏమవుతుందో!

తెల్ల బండితో నీ సంబంధం అని రాశావు. నడిరోడ్డు మీద తలుపు తెరిచి వదిలేసి వెళ్ళిన సంబంధమేగా. పోనీలే. ఆ రోజు నీ బండికి అడ్డొచ్చిన సైకిలు మనిషి ఇంకా మన వీధిలోనే తిరుగుతున్నాడు, నా కాలి పుణ్యమా అని.

ఓట్స్ మీ అమ్మ తింటోంది.

నాన్న


ల్యాబ్ నుంచి
ఫిబ్రవరి 21

నాన్నా,

ఆ పసుపు బండి డాక్టరుదని, తెల్లది ఆయనకే ఇచ్చావని మొదటి ఉత్తరంలో ఎక్కడైనా రాశావా? తీసి చూసుకో, నకలు ఉంచుకుంటావుగా. "డాక్టరు గారు తేల్చుకోమన్నారు" అని ఊరుకున్నావు. కూతురు ఏమనుకోవాలి? నీకేదో పెద్ద జబ్బు వచ్చిందని, నెలాఖరు దాటదని అనుకుని పది రోజులు నేను తిన్నదీ లేదు, పడుకున్నదీ లేదు. ఒక ముసలావిడకి పై వరస బదులు కింది వరస రెండుసార్లు చేశాను. కవలల సంగతి చదవగానే ల్యాబులో అందరి ముందూ ఒకేసారి ఏడుపూ నవ్వూ వచ్చాయి. మా సూపర్‌వైజరు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించింది.

నువ్వు బాగున్నావు. నాకది చాలు. అక్కడితో నీ ఉత్తరం అయిపోయి ఉంటే బాగుండేది.

సైకిలు మనిషి మాట ఎందుకెత్తావు? నేను ఎత్తలేదే. ఎత్తావు కాబట్టి రాస్తున్నాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఆయన సందులోంచి రావడం నేను చూశాను. బ్రేకు మీద కాలు వేశాను, బండి ఆగుతోంది. అప్పుడు నువ్వు నీ వైపు బ్రేకు తొక్కావు. బండి ఎగిరిపడి ఆగిపోయింది. టీ కొట్టు ముందు నిలబడ్డ అంతమందీ చూస్తుండగా, "కళ్ళు ఎక్కడ పెట్టావు? నేను లేకపోతే ఈపాటికి ఏమయ్యేది?" అన్నావు. చూశాను నాన్నా అంటే వినలేదు. ఆ రోజు నుంచి నేను స్టీరింగ్ ముట్టుకోలేదని నీకు తెలుసు. ఎందుకో ఎప్పుడైనా అడిగావా?

ఊళ్ళో పిల్లలందరికీ "తొందరేం లేదు" అని చెప్పే మనిషివి, నా ఒక్కదాని విషయంలో ఎందుకంత తొందరపడ్డావు?

జవాబు రాయాలని లేకపోతే రాయకు.

మీ అమ్మాయి


ఇంటి నుంచి
మార్చి 12

అమ్మలూ,

మూడు వారాలు పట్టింది. అయిదు ఉత్తరాలు మొదలుపెట్టి చింపేశాను. మొదటి రెండూ కోపంగా రాశాను, మిగతావి సమర్థించుకుంటూ. మీ అమ్మ చింపిన ముక్కలు ఊడుస్తూ, "నిజం రాస్తే ఒక్క కాగితం సరిపోతుంది" అంది. ఆవిడకి అన్నీ తెలుసని ఎప్పుడూ అనుమానమే.

ఈలోగా ఇంకొకటి జరిగింది. నా దగ్గర నేర్చుకున్న ఒక కొరియర్ అబ్బాయి మీ ఊరు వచ్చి వెళ్ళాడు. "మాస్టారూ, మీ అమ్మాయి వేరే డ్రైవింగ్ స్కూలు బండి నడుపుతూ కనిపించింది" అని నవ్వుతూ చెప్పాడు. నవ్వలేక నవ్వాను. అరికాలి మంట నెత్తికెక్కింది. మాస్టారి కూతురు ఇంకో మాస్టారి దగ్గరా? రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు సిగ్గేసింది. నా దగ్గర నేర్చుకోలేకపోయిన పిల్ల ఇంకొకరి దగ్గర నేర్చుకుంటోందంటే, తప్పు పిల్లదా?

ఇక నిజం. తెల్ల బండిలో రెండు బ్రేకులూ కింద ఒకే కడ్డీకి కట్టి ఉంటాయి. ఒకటి దిగితే రెండోదీ దిగుతుంది. శిష్యులు తొక్కితే నా బ్రేకు నా కాలి కింద కిందికి వెళుతుంది. మా పనిలో ఉన్నవాళ్ళకి కళ్ళకన్నా ముందు పాదానికి తెలుస్తుంది, నేర్చుకునేవాడు బండి ఆపుతున్నాడా లేదా అని.

ఆ రోజు నా కాలు పడేసరికి నా బ్రేకు అక్కడ లేదు. అప్పటికే దిగిపోయి ఉంది. మెట్టు ఉందనుకుని అడుగువేస్తే లేనట్టు కాలు ఖాళీలో పడింది. నువ్వు తొక్కావు. నాకన్నా ముందే తొక్కావు, మెత్తగా, సరిగ్గా నేను నేర్పినట్టే. నేను దాని మీద బలమంతా వేసి తొక్కడం వల్లే బండి ఎగిరిపడింది. నా నోట్లోంచి ఆ మాట వచ్చేటప్పటికే నాకు ఇదంతా తెలుసు.

తెలిసి ఎందుకన్నానో పన్నెండేళ్ళుగా నన్ను నేనే అడుగుతున్నాను. భయపడ్డాను, అది ఒకటి. ఇంకొకళ్ళ పిల్లలయితే నాకు అంత భయం ఉండదు. రెండోది, టీ కొట్టు ముందు అంతమంది. మాస్టారు అనవసరంగా బ్రేకు తొక్కాడని వాళ్ళకి తెలియకూడదనుకున్నాను. ఎంత చిన్నబుద్ధి! నువ్వు దిగి నడిచి వెళ్ళిపోతుంటే వెనకే రావలసింది. బండి పక్కకి తీసి, టీ తాగి వచ్చాను, ఏమీ జరగనట్టు.

ఆ తర్వాత ఏ శిష్యుడు మెత్తగా బ్రేకు వేసినా, నా కాలి కింద అది దిగినప్పుడల్లా నువ్వే గుర్తొచ్చేదానివి. రోజుకి ఎన్నిసార్లో ఊహించుకో. నిమ్మపండు రంగు బండి మీద మోజు ఉంది, అబద్ధం చెప్పను. కానీ తెల్ల బండి తాళాలు డాక్టరు గారి చేతిలో పెట్టాక నా కాలికి కాస్త తెరిపి వచ్చింది.

తప్పు నాదే. ఈ మాట అప్పుడే అక్కడే, అందరి ముందూ చెప్పాల్సింది.

నాన్న


ల్యాబ్ నుంచి
మార్చి 18

నాన్నా,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. మైనం పొంగి పొర్లింది. సూపర్‌వైజరు నా మొహం చూసి తనే వచ్చి మంట తగ్గించింది.

మొదట ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళు నాన్నా! నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. రోడ్డు దాటడానికి కూడా రెండుసార్లు అటూ ఇటూ చూసుకునేదాన్ని, నిజంగా ఆ రోజు చూశానో లేదోనని. నువ్వొక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది. రెండు రోజులు నీకు రాయకూడదనుకున్నాను. తర్వాత ఆ కడ్డీ సంగతి మళ్ళీ చదివాను. "మెత్తగా, సరిగ్గా" అని రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. ఇంకా కోపం ఉంది. కానీ ఇదివరకటిలా బిగుసుకుపోయి లేదు.

కొరియర్ వాడి నోట్లో నువ్వుగింజ నానదు. అవును, నాలుగు నెలలుగా నేర్చుకుంటున్నాను. నీకు చెప్పకపోవడానికి కారణం పంతం ఒక్కటే కాదు. చెబితే వారానికి పది పేజీల సూచనలు వస్తాయని భయం. నేర్పే ఆవిడ ఇదివరకు లారీ నడిపేది. అందరూ లారీ అక్క అంటారు. పాఠం మధ్యలో జామకాయలు కోసుకు తింటుంది. మొదటి రోజు నేను అద్దాలు సర్దుకుని, బెల్టు పెట్టుకుని, అటూ ఇటూ చూసి బండి కదిలిస్తే, తినడం ఆపేసి, "నీకు ముందే ఎవరో నేర్పారు. ఎవరో గానీ బాగా నేర్పారు" అంది. ఎవరో చెప్పలేదు. మిగతా పాఠమంతా నాకు కళ్ళు మసకగానే ఉన్నాయి, చూసుకుంటూనే నడిపానులే.

అమ్మకి మొదటి నుంచీ తెలుసు. నీకు చెప్పలేదంటే రూలు రూలే కదా.

టెస్టు ఇరవై ఏడున. పాసయితే ఏప్రిల్‌లో నాలుగు రోజులు సెలవు పెట్టి వస్తాను. నీ పసుపు బండి నేను నడుపుతాను. నువ్వు పక్కన కూర్చుంటావు. షరతులు రెండే. నోరు లేవకూడదు, కాలు కదలకూడదు. ఒప్పుకుంటేనే వస్తాను.

అమ్మలు


ఇంటి నుంచి
మార్చి 23

అమ్మలూ,

ఒప్పుకున్నాను. రెండు షరతులూ.

మీ అమ్మతో కలిసి సాధన మొదలుపెట్టాను. ఆవిడ నడుపుతుంటే నేను సీట్లో బాసింపట్టు వేసుకుని కూర్చుంటున్నాను, కాళ్ళు ఎటూ పోకుండా. మొదటి రోజు తిమ్మిరెక్కి దిగలేకపోయాను. పోస్టుమాస్టరు కిందికి వచ్చి చెయ్యి అందించాడు. నోటి సంగతికి పిప్పరమెంటు బిళ్ళలు కొనుక్కున్నాను. ఒక బిళ్ళ మార్కెట్టు నుంచి రైలు గేటు దాకా వస్తోంది. అక్కడి నుంచి కష్టంగానే ఉంది. గేటు దగ్గర నిన్న "సిగ్న" దాకా అనేశాను. "ల్" మింగేశాను. మీ అమ్మ సగం మార్కులు వేసింది.

ఇంకో విషయం. నిన్న నేను ఒక్కణ్ణే నలభై అయిదులో వెళ్ళాను. గాలికి చొక్కా కాలరు చెంపల మీద కొట్టుకుంది. ఒక్కణ్ణే పకపకా నవ్వాను. ఎంత బాగుందో చెప్పడానికి నాకు మాటలు రావు.

లారీ అక్కకి నా నమస్కారాలు చెప్పు. మొదట నేర్పింది ఎవరో ఇప్పుడు చెప్పొచ్చు, నీకు ఇష్టమైతేనే.

టెస్టు రోజు పొద్దున... (ఇక్కడ ఎనిమిది లైన్లు రాసి కొట్టేశాను. మీ అమ్మ భుజం మీంచి చూస్తోంది. ఉత్తరాలు చదవను అంటూనే.)

హాయిగా వెళ్ళిరా.
నాన్న


ల్యాబ్ నుంచి
మార్చి 28

నాన్నా,

పాస్!

వెనక్కి తీసి నిలబెట్టేటప్పుడు ఒకసారి సరిచేసుకోవలసి వచ్చింది. మిగతాదాంట్లో టెస్టు పెట్టినవాళ్ళకి తప్పేమీ దొరకలేదు. లారీ అక్క జామకాయ పెట్టింది. నువ్వెవరో చెప్పాను. "అయితే ఆ పెద్దాయన్ని ఒకసారి చూడాలి" అంది.

పదకొండున వస్తున్నాను. కొట్టేసిన ఎనిమిది లైన్లూ దీపానికి ఎదురుగా పెట్టి చదివేశాను. అన్నీ పనికొచ్చాయి.

అమ్మలు


ఇంటి నుంచి
ఏప్రిల్ 17

అమ్మలూ,

నువ్వు వెళ్ళి రెండు రోజులయింది. ఇల్లు బోసిపోయింది. మీ అమ్మ నువ్వు వదిలేసిన చున్నీకి అంచు కుడుతోంది, అక్కర్లేకపోయినా.

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఆదివారం మధ్యాహ్నం కొండ దారిలో వెళ్దాం అన్నావు. నేను బాసింపట్టు వేసుకుని, బిళ్ళ నోట్లో పెట్టుకుని, అన్నిటికీ సిద్ధపడి కూర్చున్నాను. రైలు గేటు దాటావు. పెద్ద వంతెన దాటావు. కొండ మొదట్లో రెండో గేరులోకి మార్చావు, అడక్కుండానే. అంతవరకే నాకు గుర్తుంది. కళ్ళు తెరిచేసరికి బండి ఇంటి ముందు ఆగి ఉంది. కొండ ఎక్కడమూ దిగడమూ రెండూ అయిపోయాయి. గంటన్నర!

అమ్మలూ, కదిలే బండిలో నేను కన్ను మూయడం నా జన్మలో మొదటిసారి. శిష్యులతో సరే, బస్సులో కూడా డ్రైవరు వెనక సీట్లో నిటారుగా కూర్చుని రోడ్డు చూస్తుంటాను. మీ అమ్మని అడుగు. నువ్వు నడుపుతుంటే చూడాలని పన్నెండేళ్ళు ఎదురుచూసి, తీరా ఆ రోజు వస్తే గుర్రుపెట్టి పడుకున్నాను. ఇంతకన్నా సిగ్గుమాలిన తండ్రి ఉంటాడా?

నువ్వేమీ అనలేదు. తాళాలు నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయావు. రాత్రి కూడా ముభావంగానే ఉన్నావు. నువ్వు నడపడం చూడ్డానికి కూడా నాన్నకి ఓపిక లేదని అనుకున్నావేమో. అలా అనుకోకు. ఎందుకు నిద్రపట్టిందో నాకే తెలియదు.

కోపం లేకపోతే ఒక్క పని చేసిపెట్టు. ఆ గంటన్నరలో ఏం జరిగిందో రాయి. ఎక్కడ ఏ గేరు వేశావు, ఎదురుగా ఏవి వచ్చాయి, మలుపుల్లో హారను కొట్టావా లేదా. ఏదీ వదలకుండా రాయి. నేను లేకుండా పోయాను కదా అక్కడ.

నాన్న


ల్యాబ్ నుంచి
ఏప్రిల్ 22

నాన్నా,

కోపమా? నీ మొహం! ఆ రోజు నోరు విప్పితే ఏడుస్తానని భయపడి లోపలికి వెళ్ళిపోయాను. రాత్రి అన్నాల దగ్గరా అదే భయం. అమ్మకి అర్థమయింది, అందుకే నన్నేమీ అడగలేదు.

ఇదిగో, ఏదీ వదలకుండా రాస్తున్నాను.

మొదటి మూడు మలుపులూ రెండో గేరులోనే. హారను ప్రతి మలుపులోనూ కొట్టాను. నీ కాళ్ళు ఎప్పుడు విడిపోయాయో చూడలేదు. నాలుగో మలుపు దగ్గర చూస్తే చాచుకుని ఉన్నావు, తల తలుపు వైపు ఒరిగి ఉంది. బిళ్ళ గొంతులో అడ్డుపడుతుందేమోనని బండి పక్కకి ఆపి చూశాను. అప్పటికే కరిగిపోయింది. నీ మొహం మీద ఎండ పడుతోందని కప్పు సగం మూశాను. అయినా లేవలేదు.

అయిదో మలుపులో ఎదురుగా బస్సు వచ్చింది. నేనే వెనక్కి తీశాను, ఇరవై గజాలుంటుందేమో. బస్సు డ్రైవరు చెయ్యి ఊపాడు. పైన కాసేపు ఆగుదామనుకున్నాను గానీ నువ్వు లేస్తావని ఆగలేదు. అక్కడ మాత్రం మూడో గేరులో, గాలి కొడుతుంటే నెమ్మదిగా వెళ్ళాను. నువ్వు నిద్రలో "ఊఁ" అన్నావు. దేనికన్నావో తెలియదు. నాకు మాత్రం బాగుంది.

దిగేటప్పుడు గుడ్డి మలుపు ఒకటి ఉంది చూడు, రాయి ముందుకి పొడుచుకొచ్చిన చోట. తిరగ్గానే రోడ్డు నిండా గొర్రెలు. రెండు వందలైనా ఉంటాయి. చాలా దగ్గర్లో ఉన్నాయి నాన్నా. బ్రేకు మీద కాలు వేశాను. మెత్తగానే వేశాను. బండి మొదటి గొర్రెకి రెండు మూరల దూరంలో ఆగింది. నువ్వు కొంచెం ముందుకి జారావు, మళ్ళీ వెనక్కి సర్దుకుని అటు తిరిగి పడుకున్నావు. నీ పాదాలు చూశాను. చెప్పులు విప్పేసి ఉన్నాయి. పాదాలు రెండూ ఒకదాని మీద ఒకటి వేసి ఉన్నాయి, అసలు కదల్లేదు.

మందంతా దాటడానికి పావుగంట పట్టింది. గొర్రెల కాపరి బండి దగ్గరికి వచ్చి, చుట్టూ తిరిగి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీ నాన్నా?"

"అవును," అన్నాను. "పడుకున్నాడు. నేను నడుపుతున్నాను కదా."

నీ
అమ్మలు